గేర్లు లేని బండి

చంకన చంటిపిల్ల, చేతిలో అన్నం క్యారియర్‌తో వచ్చిన పద్మాక్షి, మెకానిక్ పీరా సాహెబ్ షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల ఆమె మొగుడు రంగరాజు "సరే" అంటున్నాడు. ఆ సరే దేనికో అర్థమయ్యేసరికి ఆమె ఇంక లోపలికి అడుగు వేయలేదు.

ముందురోజు రంగరాజు యాత్రికులను తిరుమలకు తీసుకుపోతుంటే, కొండదారి మలుపులో ఇంజన్ రంకెలు వేసిందేగాని బండి కదల్లేదు. యాత్రికులు తలో మాటా అనేసి వెనకొచ్చిన బస్సెక్కిపోయారు. అతను బండి చల్లారేదాకా కాచుకుని, నత్త నడకన పైకి చేర్చి, దిగువదారిన తిరుపతికి దింపుకొచ్చి షెడ్డులో పెట్టాడు. అది మద్రాసులో ఎవరో విదేశీ ఉద్యోగి ఊరు వదిలిపోతూ అమ్మిన పాతకారు. మామూలు బండిలో ఎడమకాలితో క్లచ్చి తొక్కి చేత్తో గేరు మారుస్తారు. ఇందులో క్లచ్చి లేదు. గేర్లు మార్చే పని లోపలున్న ఎర్రనూనె ఒత్తిడితో దానంతటదే జరిగిపోతుంది.

ఆమె గుమ్మం దగ్గరికి వస్తుండగానే పీరా సాహెబ్ ఆ నూనె కొలిచే పుల్ల బయటికి లాగి చూశాడు. "నూనె నిండుగా ఉండాది గదప్పా. గీత కూడా దాటింది. గేరుపెట్టె లోపలే పోయింటాది. అంబాసిడర్ గేరుపెట్టె ఎక్కిచ్చేస్తా. అడుగున రవ్వంత రేకు కోసి క్లచ్చి పెడితే మళ్లా నా మొగం సూడే పనుండదు నీకు."

ఈ నూనెను ఇంజన్ తిరుగుతుండగానే చూడాలని మద్రాసులో చెప్పారని రంగరాజు నసిగాడు. మీసం మొలవక ముందునుంచీ నూనె చూస్తున్నవాడికే పాఠం చెబుతున్నావా అని పీరా సాహెబ్ నవ్వేశాడు. రంగరాజు తగ్గిపోయాడు. సరే అన్నాడు.

టీ తాగుతున్న టాక్సీ గోవిందయ్య ఊరుకోలేదు. "ఇన్నాళ్లూ మా రాజన్న ఎడమకాలికి పింఛనిచ్చి కూసోబెట్టినాడు. ఇంక దానికీ డ్యూటీ పడింది."

అందరికంటే గట్టిగా రంగరాజే నవ్వాడు. పద్మాక్షి ఆ నవ్వు చూడలేకపోయింది. క్యారియర్ అక్కడ పెట్టి ఇంటికి వచ్చేసింది.

పూతలపట్టు దగ్గర లారీ బోల్తాపడి రంగరాజు ఎడమకాలు నుగ్గయిన సంగతి ఊరందరికీ తెలుసు. ఎముక అతికిందనీ, కాస్త కుంటు మిగిలిందనీ కూడా తెలుసు. తెలియనిదల్లా ఆ పాదంలో నొక్కే సత్తువ లేదన్న సంగతే. ఆసుపత్రినుంచి వచ్చాక రోజూ ఆమె అరచేయి పెడితే అతను పాదంతో తోసేవాడు. చంటిపిల్ల నిద్రలో తన్నే తన్నుకైనా బలముంది, ఆ పాదానికి లేదు. అందుకే వెతికి వెతికి ఈ గేర్లు లేని బండి కొన్నాడు. అడిగినవాళ్లకు మాత్రం బొంబాయి యాత్రికులు పెద్దకారైతేనే ఎక్కుతారని చెప్పుకొచ్చాడు. అతను కొనగలిగి, తోలగలిగే బండి ఈ భూమ్మీద ఇదొక్కటే. దానికి కూడా క్లచ్చి పెట్టిస్తానంటున్నాడు.

సాయంత్రం అతను కాళ్లు కడుక్కుని కూర్చోగానే ఆమె అడిగేసింది. "ఏ కాలితో తొక్కుతారు?"

"తొక్కితే అదే అలవాటయితాది."

"సాయిబన్నకు ఒక్కమాట చెప్తే పోతాదా?"

"ఏమని చెప్పేది? రంగరాజు కుంటోడు, వానికి పిల్లకాయల బండి కావాలనా? రేపు ఎవడెక్కుతాడు మే నా బండి?"

క్లచ్చి పెట్టాక మాత్రం ఎవరెక్కుతారని ఆమె అడిగింది. అతను పిల్ల ఏడుస్తోందని, చారులో ఉప్పు లేదని, అరుగు మీద దీపం పెట్టలేదని వంకలు పెట్టాడు. గోడకైనా చెవులుంటాయంటారు, ఈ మనిషికి లేవు అనుకుంది పద్మాక్షి. మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్లేటప్పుడు ఆ కాలు నేలకు గట్టిగా తాటించుకుంటూ వెళ్లాడు. అది చూడగానే ఆమెకు ఆగలేదు. పిల్లను చంకనేసుకుని వెనకాలే నడిచింది.

షెడ్డులో బండిని రాళ్ల మీదికి ఎత్తి ఉంచారు. పీరా సాహెబ్ స్పానర్ పట్టుకుని కిందికి దూరబోతున్నాడు. గోవిందయ్య అక్కడే ఉన్నాడు. వాకిట్లో నిలబడిన పెళ్లాన్ని చూసి రంగరాజు వద్దన్నట్టు కళ్లెర్రజేశాడు.

"సాయిబన్నా, విప్పొద్దు," అంది పద్మాక్షి. "ఆయన ఎడమకాలికి క్లచ్చి తొక్కే సత్తువ లేదు. అందుకే ఈ బండి కొనింది."

గోవిందయ్య చేతిలోని టీగ్లాసు వైపు చూసుకున్నాడు. రంగరాజు మొహం నల్లబడింది. పీరా సాహెబ్ స్పానర్ కింద పెట్టి, "నిన్ననే సెప్పుంటే ఈ పెట్టె ఊసే ఎత్తుండను గదప్పా," అన్నాడు.

రంగరాజు తలెత్తలేదు. దాచుకునేదేమీ మిగలని మనిషిలాగా గబగబా బండి దింపించి, స్టీరింగు ముందు కూర్చుని ఇంజన్ వేశాడు. కాసేపు వేడెక్కనిచ్చి, లీవరును అన్ని గడులకూ తిప్పి, ఇంజన్ చక్రాలను లాగని గడిలో నిలిపాడు. "ఇంజన్ ఆపొద్దు. ఇప్పుడు సూడు. ఆపితే పైనున్న నూనంతా అడుక్కి దిగి నిండుగా కనపడతాది."

పీరా సాహెబ్ పుల్ల లాగి, తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. కొనకు మాత్రం తడి అంటింది. కిందికి దూరి చూస్తే, నూనెతొట్టి అంచున కారిన జాడ దుమ్ము పట్టి కనిపించింది. ఈ ముక్క నిన్న గట్టిగా అనుంటే ఏం పోయేదని సాయిబు గొణిగాడు. ఆ మాటే పద్మాక్షి రాత్రంతా అనుకున్నది.

మద్రాసునుంచి నూనె తెప్పించి, నూనె కారకుండా తొట్టి అంచుకు కొత్త అట్ట వేసేసరికి వారం గడిచింది. ఆ వారమంతా ఇంట్లో రంగరాజు పిల్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. బండి కదిలింది గాని, రెండో గేరుకు మారేటప్పుడు ఇంకా జారుతోంది. లోపల గేర్లను పట్టే పలకలు కొన్ని కాలిపోయి ఉంటాయన్నాడు పీరా సాహెబ్. మట్టసంగా ఉన్న దారిలో పోతుందట, కొండకు మాత్రం ఎక్కించొద్దట. అలివేలు మంగాపురానికీ, కాణిపాకానికీ తిప్పుకోవాల్సిందే. ఎన్నాళ్లిలా అని అడిగితే అతనూ చెప్పలేకపోయాడు.

పద్మాక్షినీ పిల్లనూ ఎక్కించుకుని బండి తీసుకుని వస్తుంటే గోవిందయ్య ఎదురొచ్చాడు. ఎగతాళి చేయలేదు. పక్కకు తప్పుకుని మర్యాదగా దారిచ్చాడు.

"సూసినావా," అన్నాడు రంగరాజు, వారంలో మొదటిసారి ఆమెవైపు చూసి. "ఎగతాళైతే నేనూ నాలుగు అంటా. జాలిపడేవానితో ఏం మాట్లాడేది?"

"పడనీండి. జాలి పడితే మీ చెయ్యేం ఇరగదు," అంది పద్మాక్షి. ఆమెకూ కోపం తగ్గలేదు.

కొర్లగుంట మలుపులో బండి మళ్లీ ఒక్క జారు జారింది. అతను పళ్లు నూరుకుంటూ ఓరకు ఆపాడు. ఇంజన్ ఆపకుండా దిగబోయి ఆగిపోయాడు. హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదు. రోడ్డు కాస్త వాలుగా ఉంది.

"ఈడ కూసో," అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "ఆ పెడల్ తొక్కిపట్టు. నేను పుల్ల సూసొస్తా."

పద్మాక్షి పిల్లను ఒళ్లో అదుముకుని స్టీరింగు వెనక్కి జరిగి, రెండు కాళ్లూ బ్రేకు మీద పెట్టింది. అతను కుంటుకుంటూ ముందుకు వెళ్లి ఇంజన్ మీది మూత ఎత్తాడు. ఇప్పుడా కుంటును దాచే ప్రయత్నం చేయలేదు.

"గట్టిగా తొక్కుమే," అన్నాడు మూత వెనకనుంచి.

"తొక్కే ఉండాను. మీరు సూడండి," అంది పద్మాక్షి.