నెత్తళ్ల వాటా

నేను యోగాలో చేరింది మోకాళ్ల కోసమని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. నిజానికి చేరింది మనుషుల కోసం. వైజాగ్ ద్వారకా నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో ఏళ్ల తరబడి వంట చేసి, కాళ్లు మొరాయించాక భీమిలి వచ్చి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఉద్యోగం పోయింది గానీ చేతికి హాస్టల్ కొలత పోలేదు. ఎంత తగ్గించి పోసినా అన్నం మిగిలేది. రోజూ దాన్ని కాకులకు పెట్టాలంటే ఒళ్లు మండిపోయేది. ఎంత తిన్నా, ఉప్పు తక్కువైందని ఒక్క కాకీ నోరు తెరిచి చెప్పదు.

అందుకే పొద్దున్నే సముద్రం ఒడ్డున చాపలు పరిచే గుంపులో చేరాను. ఆసనాలు నేర్పేది హిమబిందు, చదువు ఈమధ్యే అయిన పిల్ల. శ్రీరామ్మూర్తిగారు పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆయనకు పద్మాసనం రాదు, ఎదుటివాళ్ల పద్మాసనానికి వంకలు పెట్టడం మాత్రం బాగా వచ్చు. మా వెనక వీధిలో బట్టలు కుట్టే ధనలక్ష్మి శవాసనం అనగానే గురక పెట్టేది. నాకు వీళ్లంతా తెగ నచ్చారు. ఒకరోజు ఉండబట్టలేక, మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను.

నా తెలివి ఏమని చెప్పను, పిలిచింది కార్తీకమాసంలో.

"ఈ నెలంతా నీసు ముట్టనమ్మా," అన్నారు శ్రీరామ్మూర్తిగారు.

"నాను పగలు తినను అక్కా. సుక్కలు సూసే తింటన్నాను," అంది ధనలక్ష్మి.

"పప్పే వండుతానండీ," అన్నాను.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. నీసు వండే గిన్నెలు కదా అని వాళ్ల మొహమాటం. పైకి నవ్వాను. ఇంటికొచ్చి ఆ గిన్నెల్ని కసిదీరా తోమాను.

ఆ వారంలోనే ఒక పొద్దున మేము చేతులు పైకెత్తి నిలబడి ఉండగా, పక్కన పెద్దవల లాగుతున్న వీరన్న కేకేశాడు. ఆ రోజు వాళ్లకు మనుషులు చాల్లేదు.

"ఓ బావా! ఖాళీ సేతులు పైకెత్తి ఏటి సేత్తన్నారు? వచ్చి తాడట్టండి!"

హిమబిందు నవ్వేసి ముందు తనే పరిగెత్తింది. వెనకాలే మేమంతా. తడి తాడు అరచేతుల్ని కోస్తోంది, కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. ఒకరి వీపు మీద ఒకరం పడుతూ, అరుస్తూ, వెనక్కి నడిచాం. శ్రీరామ్మూర్తిగారు ఇంకా క్రేనులోనే ఉన్నట్టు "ఎత్తు! ఆపు!" అని ఆర్డర్లు వేశారు, ఎవరూ వినలేదు. ఎదురుగా సముద్రం మీద ఎండ తళతళలాడుతోంది. చాలాకాలానికి పదిమందిలో ఒకదాన్నయ్యాను. ఎంత సంతోషం వేసిందో!

వల ఒడ్డుకొచ్చింది. నిండా నెత్తళ్లు, వేలెడంత చేపలు, వెండిలా మెరుస్తున్నాయి. వీరన్న దోసిళ్లతో తీసి అందరికీ పంచడం మొదలెట్టాడు.

"అయ్యయ్యో, నాకెందుకు బావా?" అన్నారు శ్రీరామ్మూర్తిగారు.

"తాడట్టినోలందరికీ వాటా ఇయ్యాల. వద్దంటే వలకి అచ్చిరాదు."

కార్తీకమాసం, తెల్లపంచె, దోసిట్లో ఎగిరిపడుతున్న చేపలు. ఆయన మొహం చూసి నవ్వాపుకోలేకపోయాను. అంతలో ఆయన చూపు నా మీద పడింది.

"ఆరోగ్యమ్మా! చర్చికెళ్లేదానివి, నీకు కార్తీకం లేదు గదా, పట్టమ్మా!"

చాప పెట్టుకునే నా సంచిలో ఆయన వాటా పడింది. ఆ వెంటనే ధనలక్ష్మిది, ఆపైన అందరివీ. చేతులు కడుక్కోవడానికి అందరూ నీళ్లలోకి పరుగు. సంచి పట్టుకుని ఒడ్డున నేనొక్కదాన్నే మిగిలాను. నా అన్నం పనికిరాదు గానీ, వాళ్లకు అక్కర్లేనివి పారబోసుకోవడానికి పనికొచ్చానన్నమాట! ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

మర్నాటి నుంచి యోగాకు వెళ్లలేదు. హిమబిందు ఫోన్ చేస్తే మోకాళ్లని చెప్పాను. అయినా చేపల మీద నాకేం కోపం? కడిగి, ఉప్పు పట్టించి, మేడ మీద ఎండేశాను. ఇన్నాళ్లూ నా అన్నం తిన్న కాకుల్నే కర్ర పుచ్చుకుని తరిమాను.

కార్తీకం వెళ్లిన మర్నాడు, అరటిదొప్పల్లో దీపాలు వదిలి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళ, తలుపు చప్పుడైంది. తీస్తే శ్రీరామ్మూర్తిగారు, చంకలో చాప. వెనక మెట్ల నిండా మా గుంపు, అందరి చంకల్లోనూ చాపలే.

"మా వాటా ఏదమ్మా?" అన్నారు.

"ఏం వాటా?"

"నెత్తళ్లు! నీ కాడ దాసమని ఇచ్చాం గానీ పారేయమన్నామా?"

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"ఏటి సెప్పేది? ఆ దోసిలితో నాకు మాటొచ్చిందా?"

"మేడ మీంచి వాసన మా వీధి దాకా వత్తంది అక్కా," అంది ధనలక్ష్మి. "వ్రతం సెడకుండా ఈ నెల ఎలా గడిపానో ఆ దేముడికే తెలుసు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామంటే ఇంకా కత్తిపీటే తియ్యలేదు.

ఎండు నెత్తళ్లు, వంకాయ కలిపి వండాను. నా గదిలో కుర్చీ ఒక్కటే. అందరూ యోగా చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఏ ఆసనంలోనూ క్షణం నిలవని శ్రీరామ్మూర్తిగారు కంచం ముందు కాలు మడిచి కదలకుండా కూర్చున్నారు. "ఉప్పు కొంచెం ఎక్కువైందమ్మా," అంటూనే మళ్లీ కంచం చాపారు. ఆ వంక వినడానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అన్నం వడ్డించబోతే గరిట గిన్నె అడుక్కి తగిలింది. హాస్టల్ వదిలాక ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి.

"కూర్చోండి, ఎవరూ లేవకండి," అని గదమాయించి, బియ్యం కడగడానికి వెళ్లాను.