జాడీలో అరగంట

ఊళ్లో వాడిన నీళ్లన్నీ, వంటింటివీ స్నానాలవీ చెప్పుకోకూడనివీ, చివరికి ఊరి బయటి శుద్ధికేంద్రానికే చేరతాయి. జల్లెడ దాటి పెద్ద తొట్టెలో పడి, అడుగునుంచి వచ్చే గాలికి గుబగుబమంటూ పొర్లుతాయి. ఆ తొట్టెలో కంటికి ఆనని జీవాలు కోట్లకొద్దీ ఉంటాయి. మురికి తినేది అవే. కేంద్రం నడిపే పెద్దాయన వాటిని పిల్లలంటాడు. పొద్దస్తమానం చేతిగడియారం చూసుకుంటాడని ఆయన్ని అందరూ గడియారం బాబాయ్ అంటారు.

ఎనిమిదో తరగతితో చదువాగిపోయిన ఒకామె అక్కడ చేరి పన్నెండు రోజులైంది. నెల చూసి, నచ్చితే ఉంచుతారు. ఉద్యోగం పోకూడదు. కానీ ఇంట్లో పాకే పిల్ల ఉంది. ఈ చేతులతో దాన్నెలా ఎత్తుకోవడం? ఇంటికెళ్లగానే మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు రుద్దుకునేది.

"ఇంకా రుద్దితే చేతిగీతలు ఊడొస్తాయే!" అనేది అత్తగారు.

రోజూ తొట్టెనుంచి లీటరు నీళ్లు గాజుజాడీలో ముంచి బల్లమీద పెట్టడం ఆమె పని. అరగంటలో ఆ పిల్లలుండే గోధుమరంగు మడ్డి అడుక్కి దిగి, పైన నీళ్లు తేటపడాలి. అలా అయితే పిల్లలు బాగున్నట్టు. ఆవేళ అరగంటైనా మడ్డి దిగలేదు. జాడీ అంతా కుడితిలా ఉంది.

గడియారం బాబాయ్ ముఖం పాలిపోయింది.

"ఎవడో కాలవలో విషం కలిపాడమ్మాయ్. పిల్లలు పోయారు. వచ్చే నీళ్లని వాగులోకి మళ్లించి, తొట్టె ఖాళీ చెయ్యాలి. కొత్త మడ్డి తెచ్చి పోస్తే, కోలుకోడానికి నెల."

ఆయన గేటు చక్రం వైపు నడిచాడు.

ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నిన్న జాడీలో గార చూసి ప్రాణం ఒప్పక, రెండు చెంచాల బ్లీచింగ్ పౌడరు నానబెట్టి వెళ్లింది. పొద్దున ఒంపేసి, తొలవకుండానే ముంచింది. అడుగున తెల్లగా ఏదో ఉండటం కూడా చూసింది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. కానీ వాగు దిగువన ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలోనూ పాకే పిల్లలుంటారు.

పరిగెత్తింది.

"బాబాయ్, చక్రం తిప్పకండి! తొట్టెలోవి బాగానే ఉన్నాయి. జాడీలోవాటిని నేనే చంపాను."

"ఏంటీ?"

చెప్పింది. ఆయన చాలాసేపు గడియారం చూడలేదు. దానికే ఆమెకి ఎక్కువ భయమేసింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మనకి రెండూ తప్పవు. అయినా, కాలు కడుక్కోమంటే అడుసునే కడిగేశావేంటమ్మాయ్!"

ఏడుపు మధ్యలో ఆమెకి నవ్వొచ్చింది.

వేరే జాడీ తొలిచి, మళ్లీ ముంచి తెచ్చారు. ఇద్దరూ చెరో స్టూలు వేసుకుని కూర్చున్నారు. పది నిమిషాలకి మడ్డి ముద్దలు కట్టింది. ఇరవైకి కిందికి జారింది. అరగంటకి పైన నీళ్లలోంచి కిటికీ ఊచలు కనిపించాయి.

"నిక్షేపంగా ఉన్నారు వెధవలు," అన్నాడాయన మురిపెంగా.

"రేపట్నుంచి జాడీ ఎవరు కడుగుతారు బాబాయ్?" అడిగింది.

"ఇంకెవరు, నువ్వే. బ్రష్షూ, మంచినీళ్లూ. ఆ బ్లీచింగ్ డబ్బా మాత్రం నా బీరువాలో ఉంటుంది."

సాయంత్రం ఇంటికెళ్లి ఒక్కసారి సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. గడప దగ్గర పిల్ల గుప్పెడు మట్టి పట్టుకుని నవ్వుతోంది. మట్టి దులిపి ఎత్తుకుంది.

"ఏమ్మా, సబ్బయిపోయిందా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా. ఒక్కసారి చాలేమో, చూద్దామని."

పిల్ల ఆమె వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఆమె సబ్బు వైపు చూసింది. అయినా వేలు లాక్కోలేదు.