చెరపకూడని పేజీ

“నీ గురించి పేజీ రాసేశాను. కింద సంతకం పెట్టు, పన్నెండింటికల్లా అచ్చుకు పోవాలట,” అంటూ మా ఆయన ఒక కాగితం తెచ్చి బీన్స్ పళ్లెం పక్కన పెట్టారు. నా వేళ్లు ఈనెలు తీస్తూనే ఉన్నాయి. ఈ ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ నా చేతులు ఖాళీగా లేనప్పుడే చెబుతారు.

నెలాఖరుకు నా పదవీ విరమణ. రోడ్లు, వంతెనల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. ఆఫీసువాళ్లు నా పేర చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో మొదటి పేజీ నేనే, నా మాటల్లోనే రాసివ్వాలని మా హెడ్ క్లర్కు అడిగాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పడం నా పొరపాటు. “నీకు రాయడం ఎక్కడొచ్చు? నీవన్నీ కొలతలూ అంకెలూనూ. నేను రాస్తానుండు,” అన్నారు మా ఆయన. ఆయన భాషా పంతులుగా చేసి రిటైరయ్యారు. అందుకని ఆ పేజీలో “నేను” అన్న మాట కూడా ఆయన చేతిరాతలోనే ఉంది.

చెయ్యి తుడుచుకుని కాగితం అందుకున్నాను. కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు తల తిప్పి చూశారు.

“సంతకానికి ఇంత ఆలోచనేమిటమ్మాయ్? ఆఫీసులో రోజుకు వంద గీకుతావుగా.”

“చదివి పెడతానత్తయ్యా.”

“వాడు రాసిందాంట్లో తప్పులుంటాయా? చోద్యం.”

అక్షర దోషం ఒక్కటీ లేదు, నిజమే. “ప్రభుత్వోద్యోగంలో ఉన్నా నేను ఏనాడూ ఇంటిని మరవలేదు. కుటుంబం, భక్తి, యాత్రలు, ఈ మూడింటికే నా జీవితం అంకితం,” అని మొదలైంది. ఉద్యోగం ఆ ఒక్క వాక్యంతో అయిపోయింది. వంతెన అన్న మాట కోసం పేజీ అంతా వెతికాను. పద్నాలుగు కట్టాను. ఒక్కటీ లేదు.

యాత్రలట. పదకొండు యాత్రలు చేశాం. ప్రతిసారీ స్టవ్వు, గిన్నెలు, అత్తగారి మాత్రలు, ఆయన ఫ్లాస్కు నా సంచిలోనే. అత్తగారు బయటి తిండి ముట్టరు, ఆయనకు పడదు. కొండ మీద తీయించుకున్న ఫోటోలో అందరూ ఉన్నారు, నేను లేను. “ఫోటో తీసింది ఈవిడేగా,” అని ఆయన వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెబుతారు. నేను కాదు. ఆ సమయానికి నేను కింద బసలో అందరి తడిబట్టలూ పిండుతున్నాను.

భక్తి సంగతీ అంతే. ప్రార్థన గది తుడవడం నా వంతు, ప్రార్థన వాళ్ల వంతు. నా ప్రార్థన నేను ఇంకోచోట చేశాను. మా మొదటి పెద్ద వంతెన మీద, రాకపోకలకు తెరవకముందు, బరువుకు ఆగుతుందో లేదో చూడడానికి ఇసుక లారీలు వరసగా ఎక్కించారు. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. ఒక్కో లారీ ఎక్కుతుంటే నేను కింద, మధ్య కమాను దగ్గర నిలబడ్డాను. నిలబడమని ఎవరూ అనలేదు. నా లెక్క తప్పయితే నా తల మీదే పడాలనుకున్నాను. అంత నిండుగా నేను ఏ దేవుడినీ ఎన్నడూ నమ్మలేదు. ప్రారంభోత్సవం రోజున ఆ వంతెన మీదే, తెరవడానికి వచ్చిన పెద్దమనిషి రిబ్బను కత్తిరించే కత్తెర ఉన్న పళ్లెం నా చేతికిచ్చి, “మీరు పట్టుకుంటే బాగుంటుంది మేడం,” అన్నారు. సైటులో ఉన్నన్నాళ్లూ కాంట్రాక్టర్లు నన్నే అడిగేవారు, “ఇంజనీరుగారు ఎప్పుడొస్తారమ్మా?” అని. మరుగుదొడ్డి లేని సైట్లలో సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా పనిచేసి ఇంటికొస్తే, “ఏసీ గదిలో కూర్చుని వచ్చింది మహారాణి,” అనేవారు అత్తగారు.

ఇవన్నీ మింగి సంతకం పెట్టేసేదాన్నేమో. కాని మూడో పేరా దగ్గర నా చూపు ఆగిపోయింది.

“విదేశీ శిక్షణకు ఎంపికైనప్పటికీ, కుటుంబమే మిన్న అని నేను దాన్ని సంతోషంగా వదులుకున్నాను.”

ఇరవై ఆరేళ్ల కిందటి సంగతి. పొడవాటి వంతెనల మీద ఆరు నెలల శిక్షణకు శాఖ మొత్తంలో ఇద్దరిని ఎంపిక చేశారు. అందులో ఒకదాన్ని నేను. ఉత్తర్వు చూసి వారం రోజులు ఇంట్లో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. “పిల్లాడికి జ్వరమొస్తే నీ వంతెన వచ్చి చూస్తుందా?” అన్నారు ఆయన. ఎనిమిదో రోజు పొద్దున నేను గిన్నెలు తోముతుంటే ఒక కాగితం తెచ్చి, “పిల్లాడి బడిది, సంతకం పెట్టు, టైమైపోతోంది,” అన్నారు. తడిచేత్తో పెట్టాను. నాలుగు రోజుల తర్వాత మా పెద్దింజనీరు పిలిచి ఆ కాగితమే చూపించాడు. “గృహ పరిస్థితుల దృష్ట్యా నాకు ఈ శిక్షణ ఇష్టం లేదు.” చేతిరాత మా ఆయనది. సంతకం నాది. నీటి మరక కూడా నాదే. “ఆడవాళ్లకిస్తే ఇంతే, సీటు దండగ,” అన్నాడాయన. తర్వాత ఎనిమిదేళ్లు నా పేరు దేనికీ పంపలేదు.

మా నాన్న తాపీమేస్త్రీ. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఉద్యోగంలో చేరే రోజున నాన్న చెప్పింది ఒకటే మాట. “చదవడం రాక నేను వేలిముద్రలేశాను. నీకా ఖర్మ లేదు. చదవకుండా దేనికీ పెట్టకు తల్లీ.” చేత్తో కొలవనిదే ఒక్క ఇటుకకు సంతకం పెట్టని నేను, నా బతుకు కాగితం మీద మాత్రం చదవకుండా పెట్టాను. అడిగితే గొడవ అవుతుందని, ఇరవై ఆరేళ్లు ఆయన్ని ఆ మాట అడగలేదు కూడా. ఆ ఊరుకోవడానికి ఇప్పుడు ఈయన పెట్టిన పేరు సంతోషం.

లేచి చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, నా పెన్ను తెచ్చుకున్నాను.

మా శాఖలో కొలతల పుస్తకానికి ఒక పద్ధతుంది. తప్పు పడితే చెరపకూడదు, వైట్నర్ పూయకూడదు, పేజీ చింపకూడదు. ఒకే ఒక్క గీత కొట్టాలి. గీత వెనక ఉన్నది చదవడానికి రావాలి. పైన సరైనది రాసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. తప్పూ కనబడాలి, దిద్దినదెవరో కూడా కనబడాలి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేనే నేర్పాను.

“కుటుంబం, భక్తి, యాత్రలు” మీద గీత కొట్టి, “పద్నాలుగు వంతెనలు” అని రాశాను. “సంతోషంగా వదులుకున్నాను” మీద కొట్టి, “వదులుకోలేదు. చదవనివ్వకుండా నా చేత సంతకం పెట్టించారు” అని రాశాను. “శేషజీవితం అత్తగారి సేవలో, యాత్రల్లో గడపాలని నా కోరిక” మీద కొట్టి, “వచ్చే నెల నా పద్నాలుగు వంతెనలూ ఒక్కదాన్నే చూసి వస్తాను” అని రాశాను. మూడు చోట్లా పొట్టి సంతకం. కింద పూర్తి సంతకం.

మా ఆయన కళ్లజోడు సవరించుకుంటూ పైకే చదివారు. మళ్లీ వెనక్కొచ్చి రెండో గీత మీద వేలు పెట్టారు.

“అదెప్పటి మాటో ఇప్పుడెందుకు?”

“మీరే రాశారుగా ఇప్పుడు.”

“నలుగురూ చదివేది కదే. నా పరువేం కావాలి?” గొంతు తగ్గించారు. “సరే, ఇటివ్వు. సాఫీగా ఇంకో ప్రతి రాసిస్తాను.”

“సాఫీ అక్కర్లేదండీ.”

“మరి వచ్చే నెల నా యాత్ర?” అత్తగారు కుర్చీలో ముందుకు జరిగారు. “ఎవరు తీసుకెళ్తారు?”

“మీ అబ్బాయి తీసుకెళ్తారత్తయ్యా. స్టవ్వు అటక మీదుంది.”

బీన్స్ పళ్లెం ఆయన చేతికిచ్చి చెప్పులేసుకున్నాను. ఆయన పళ్లెం పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. ఆ పళ్లెం ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదని తెలిసినా చెప్పలేదు.

ఆఫీసులో హెడ్ క్లర్కు పేజీని బల్ల మీద పరిచి మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఇరవై ఏళ్లుగా నా కొలతల పుస్తకాలు చూసినవాడు. మళ్లీ మొదటికి వచ్చాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

“కొట్టేసినవి తీసేసి టైపు చేయించమంటారా మేడం? చూడ్డానికి నీట్‌గా ఉంటుంది.”

“వద్దండీ,” అన్నాను. “గీతలతో సహా వేయండి.”