ఒక బెజ్జం వదులు

చేతిలో పుస్తకం ఉంటే అఫీఫాకు లోకం గుర్తుండదు. పాలు పొంగి, గిన్నె అడుగంటి, మాడు వాసన గల్లీ చివరిదాకా వెళ్లినా తల ఎత్తదు. పెళ్లై బోయిగూడ వచ్చిన కొత్తలో అత్త బానో ఈ సంబడం చూసి నోరెళ్లబెట్టింది. తర్వాత అలవాటు పడిపోయి పాల సంగతి తనే చూసుకోవడం మొదలుపెట్టింది.

ఈ ఏడు అఫీఫాను పట్టుకున్నది చైనా. కింది వాటాలో ఇంటావిడ కాంతమణి గారు ఉంటారు. రాజమండ్రి మనిషి, టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ బీరువాలో తెలుగులోకి వచ్చిన చైనా నవలలు ఒక వరస ఉన్నాయి. "ఊరికే పడున్నాయమ్మా, తీసుకెళ్లి చదువుకో" అని ఆవిడ ఇచ్చిన మొదటి రెండింటినీ అఫీఫా వారం తిరక్కుండా ముగించింది. వరదలొచ్చి ఊళ్లు వదిలేసిన కుటుంబాలు, పట్టుపురుగులు పెంచే కోడళ్లు, పరీక్షలకని పట్నం వెళ్లిన మొగుళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఆడవాళ్లు. పేర్లకు నోరు తిరగకపోయినా మనుషులు మాత్రం మెట్టుగూడలో ఉన్న చుట్టాల్లాగే అనిపించారు. వాళ్ల కష్టాలన్నీ భర్త తారిఖ్‌కు అన్నం వడ్డిస్తూ చెప్పేది. అతను షాపు సంగతులు ఆలోచించుకుంటూ "అట్లనా" అనేవాడు.

మూడో నవల మాత్రం ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

అప్పటికి కూతురు జన్నత్‌కు ఐదో నెల. పుట్టుకతోనే కుడి పాదం లోపలికి తిరిగి ఉంది. ఆసుపత్రిలో వారం వారం సిమెంటు కట్టు మారుస్తూ, చివర్లో మడమ వెనక చిన్న కోత పెట్టి, పాదాన్ని దారికి తెచ్చారు. ఇప్పుడు బూట్ల వంతు. బెజ్జాల పట్టీలున్న రెండు బుల్లి తోలు బూట్లు, వాటిని కలుపుతూ ఒక ఇనుప కడ్డీ. రోజుకు ఇరవై మూడు గంటల చొప్పున మూడు నెలలు అవి పిల్ల కాళ్లకు ఉండాల్సిందే. స్నానానికి ఒక్క గంట సెలవు. "పట్టీ గట్టిగా బిగించాలి. పాపం అనుకుని వదులు చేశారంటే పాదం మళ్లీ మొదటికొస్తుంది" అని సిస్టర్ దేవకృప చెప్పిందే చెప్పి పంపింది.

మూడో నవలలో లీహువా అనే ఆరేళ్ల పిల్ల. ఒకరోజు తల్లి ఆ పిల్లను పీట మీద కూర్చోబెట్టి, పాదాలు వేడినీళ్లలో నానబెట్టి, వేళ్లను అరికాలి కిందికి మడిచి గుడ్డపట్టీలతో బిగించి కడుతుంది. పిల్ల గగ్గోలు పెడుతుంది. తల్లి ఇంకొంచెం బిగిస్తుంది. "పెద్ద పాదాలుంటే నిన్నెవరు చేసుకుంటారు? అంతా నీ మంచికే" అంటుంది.

అఫీఫా ఇక చదవలేకపోయింది. పుస్తకం మూసి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. అంతలో జన్నత్ లేచి ఏడుపు అందుకుంది. స్నానం చేయించి బూట్లు తొడుగుతుంటే బానో వచ్చి పక్కన కూర్చుంది.

"జెర గట్టిగ కట్టు బేటా. రేపు సంబంధమొస్తే ముందుగాల కాళ్లే చూస్తరు" అంది.

అఫీఫా చేతులు ఆగిపోయాయి. అదే మాట. ఎప్పటిదో, ఎక్కడిదో ఆ మాట తన ఇంట్లోకి, తన అత్త నోట్లోకి ఎలా వచ్చింది? కూతురి ముఖం చూసింది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉంది. బానో అటు తిరగగానే పట్టీని ఒక బెజ్జం వదులు చేసింది.

పిల్ల ఏడుపు తగ్గింది. ఒక్క బెజ్జమే కదా, ఏమవుతుందిలే అనుకుంది అఫీఫా. వారం తిరిగేసరికి అది రెండు బెజ్జాలైంది. తర్వాత మధ్యాహ్నాలు బానో కునుకు తీసినప్పుడు బూట్లు మొత్తంగా విప్పేయసాగింది. పిల్ల కాళ్లు గాల్లో ఆడిస్తూ కేరింతలు కొడుతుంటే సంతోషంగానే ఉండేది. పక్కగదిలో మంచం కిర్రుమంటే మాత్రం గబగబా బూట్లు తొడిగేసి ఏమీ ఎరగనట్టు కూర్చునేది.

వదులైన బూటు ఊరుకుంటుందా? పాదం అందులో పైకీ కిందికీ జారి మడమ ఒరుసుకుపోయింది, బొబ్బ లేచింది. పిల్ల మునుపటికంటే ఎక్కువ ఏడ్చింది. బొబ్బ చూసి అఫీఫా, చూశావా, ఎంత హింస పెడుతున్నామో అని ఇంకొంచెం వదులు చేసింది. తను చేసిందే తనకు సాక్ష్యమైందని ఆ పిచ్చితల్లికి తట్టలేదు.

ఒకరోజు స్నానం చేయిస్తూ అరికాలి కింద చెయ్యి పెడితే, కుడి మడమ పైకి లేచిపోయి ఆమె అరచేతికి ఆనలేదు. నొక్కి చూసింది. ఆనలేదు. నాకే అలా అనిపిస్తోందిలే అనుకుంది గానీ, ఆ రోజు నుంచి పట్టీని మళ్లీ మొదటి బెజ్జానికి లాగి బిగించింది. స్నానమప్పుడు బానోను దగ్గరికి రానివ్వలేదు. బుధవారం ఆసుపత్రికి వెళ్లాలి. రోజులు లెక్కపెట్టుకుంటుంటే అన్నం సహించడం మానేసింది.

బుధవారం డాక్టరు జన్నత్ పాదాన్ని పైకి వంచి చూశాడు. మళ్లీ చూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"రోజుకు ఎన్ని గంటలు వేస్తున్నారు?"

"ఇరవై మూడు" అంది అఫీఫా.

"నేను సుత చూస్తనే ఉన్న డాక్టర్ సాబ్" అంది బానో గర్వంగా. "పిల్ల ఎంత ఏడ్చినా తియ్యది. నా కోడలు దిల్ గట్టిది."

ఆ మాటకు అఫీఫా తల వంచుకుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

డాక్టరు కాగితం మీద ఏదో రాశాడు. "ఇన్ని గంటలు వేసినా మడమ పైకి లేచిందంటే తప్పు కాలిలో కాకపోవచ్చు. వెన్నులో ఏమన్నా ఉందేమో చూడాలి. మత్తిచ్చి స్కాన్ తీద్దాం."

"యా అల్లా! వెన్నులనా?" బానో చేతిలోని తస్బీ దండ కిందపడింది.

ఇంత పిల్లకు మత్తు. లేని జబ్బు కోసం. సిస్టర్ దేవకృప స్కాన్ కాగితం తీసుకుని తలుపు దాకా వెళ్లింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పడమనేది ఉండదు.

"సిస్టర్, ఆగుండ్రి" అంది అఫీఫా. "నేను అన్ని గంటలు ఎయ్యలే. వదులు చేసిన. మధ్యాహ్నాలు మొత్తమే తీసేసిన. అబద్ధం చెప్పిన."

డాక్టరు పెన్ను పక్కన పెట్టి ఎందుకని అడిగాడు. అఫీఫా చెప్పింది. లీహువా, వేడినీళ్లు, గుడ్డపట్టీలు, నీ మంచికే అన్న తల్లి. చెబుతుంటే ఎంత వెర్రిగా ఉందో తనకే వినిపించింది.

బానో లేచి నిలబడింది. "చైనా పిల్ల కోసం నా పిల్ల కాలు ఆగం చేసినవా? ఆ తల్లి సక్కగున్న కాలు ఖరాబ్ చేసింది. నువ్వు సక్కగైతున్న కాలు ఖరాబ్ చేసినవ్. ఏం ఫరక్ ఉంది మీ ఇద్దరికి?"

అఫీఫా ఏడ్చింది.

"ఇప్పుడైనా చెప్పారు, నయం" అన్నాడు డాక్టరు. "స్కాన్ ఇప్పుడొద్దు. మళ్లీ కట్లు వేద్దాం, నాలుగైదు వారాలు. పాప బాగా ఏడుస్తుంది. మీరు బయట కూర్చుంటారా?"

"లేదు. నేనే పట్టుకుంట."

కట్టు ఆరేదాకా జన్నత్ మోకాలు కదలకుండా అఫీఫాయే పట్టుకుంది. తొడదాకా తెల్లటి కట్టుతో పిల్ల ఆటోలో నిద్రపోయింది. బానో మొహం అటు తిప్పుకుని కూర్చుంది. ఎప్పుడు తిడుతుందా అని అఫీఫా ఎదురుచూస్తోంది. ఇల్లు దగ్గర పడ్డాక బానో నోరు విప్పింది.

"ఇంతకు ఆ పిల్ల ఏమైంది?"

"ఏ పిల్ల అత్తమ్మా?"

"గదే, నీ బుక్కుల పిల్ల."

"తెల్వది. కాళ్లు కట్టిన కాడనే మూసేసిన."

బానో పూర్తిగా ఇటు తిరిగింది. "సగం చదివి గింత పని చేసినవా?"

బానో మనవరాలిని జాగ్రత్తగా తన ఒళ్లోకి తీసుకుని, బరువైన కాలి కింద చున్నీ మడిచి పెట్టింది.

"ఇంటికి పోంగనే తియ్ ఆ బుక్కు. పిల్లను నేను పట్టుకుంట. నువ్వు చదివి ఇనిపియ్. మధ్యల ఆపినవో, ఊకోను."

"నాకు భయమైతది అత్తమ్మా."

"కానియ్" అంది బానో. "భయపడుకుంటనే చదువు."