వాలెన్సియాలో ఉండే అమ్మాయి

విమానం దిగగానే కిందికి వెళ్ళండి, మెట్రో అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం కొన్ని దుకాణాలు మూసేస్తే కంగారు పడకండి, సాయంత్రం తీస్తారు. రాత్రి భోజనం ఆలస్యంగా పెడతారు, సంచీలో ఏదైనా ఉంచుకోండి. ఈ మాటలు రోజూ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. స్పెయిన్‌లో సముద్రం పక్కనున్న ఆ వాలెన్సియాని నేనెన్నడూ చూడలేదు. నేనుండేది నోయిడాలో, ఒక ట్రావెల్ కంపెనీలో, ఏసీ గాలి సరిగ్గా మెడ మీద పడే కుర్చీలో.

కంపెనీ అమ్మేది ‘ఊళ్ళో మన మనిషి’ అనే సర్వీసు. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళకి వాళ్ళ భాషలోనే ఫోన్లో దారి చెప్పాలి. షరతల్లా ఒకటే, మేమూ ఆ ఊళ్ళోనే ఉన్నట్టు మాట్లాడాలి. ఇల్లెక్కడని అడిగితే ‘బీచ్ దగ్గర’ అనమని ట్రైనింగ్‌లోనే నేర్పారు. ప్రతి కాలూ రికార్డవుతుంది. నిజం చెప్పినవాళ్ళు మర్నాటికి కనబడరు. మా ఫ్లోర్లో తెలుగు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి, వాలెన్సియా వెళ్ళిన తెలుగువాళ్ళందరూ నా నెత్తినే పడతారు.

ఆ వారం అన్నపూర్ణేశ్వరి గారు పడ్డారు. వచ్చే ఏడాది రిటైరయ్యే భర్త జనార్దనరావు గారితో ఢిల్లీ ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్ నుంచి వెళ్ళారు. ఆవిడకి మ్యాపు చూడటం ఇష్టం లేదు. ఎదురుగా ఏది కనిపిస్తే దాని గురించి నన్ను అడగడమే.

“అమ్మాయ్ ప్రవల్లికా, ఈ వంతెన కింద నది ఉందన్నావు, నీళ్ళేవీ?”

“నదిని ఊరి బయటికి మళ్ళించేశారాంటీ. పాత నదిలో తోట వేశారు. ఆ తోటలోంచే నడవండి, నీడగా ఉంటుంది.”

“అచ్ఛా! మా యమున సంగతి వీళ్ళకి అప్పగిస్తే బాగుండును.”

హోటల్లో ఫోన్ స్పీకర్లో పెట్టి, అన్నంలో కుందేలు మాంసం ఉందేమో అక్కడి వెయిటర్ని అడగమనేవారు. వచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలతో అడిగేదాన్ని. చివర్లో మాత్రం తప్పకుండా “నువ్వు తిన్నావా?” అనేవారు. అక్కడి లెక్కన అది టిఫిను వేళో భోజనం వేళో చూసుకుని మరీ అబద్ధం చెప్పాలి. నిజానికి ఆ మాట నన్నెవరూ అడగక చాలా కాలమైంది. అందుకే ఆవిడ నంబరు వెలిగితే విసుగూ వచ్చేది, ఎత్తకుండా ఉండబుద్ధీ అయ్యేది కాదు.

వాళ్ళ తిరుగు ప్రయాణానికి ముందురోజు ఆవిడ ఒక్కరే ట్రామెక్కారు. అంకుల్‌కి మోకాలు పట్టేసి గదిలోనే పడుకున్నారట. తీరా బీచ్ దగ్గర స్టాపులో దిగాక అసలు సంగతి చెప్పారు.

“మీ ఇల్లు ఇక్కడేగా. ఒకసారి రామ్మా. నీకు గోంగూర పచ్చడి తెచ్చా.”

“నాకా?”

“నీకే. నేను ఏ ఊరెళ్ళినా ఒక సీసా ఎక్కువ పట్టుకెళ్తా. ఎక్కడైనా ఒక తెలుగుపిల్ల ఉండకపోదు. నేను పెళ్ళయి ఢిల్లీ వచ్చిన కొత్తల్లో భాష రాక ఏడుస్తుంటే, ఎవరో ముక్కూ మొహం తెలీనావిడ ఆవకాయ తెచ్చిచ్చింది. అప్పట్నుంచీ ఇది నాకలవాటు.”

ఆఫీసులో పని ఉందన్నాను. పనయ్యాకే రమ్మన్నారు. జ్వరమన్నాను. అయితే ఇంటి నంబరు చెప్పు, నేనే వచ్చి చారు పెట్టిస్తానన్నారు. మీటింగని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మా యాప్‌లో ఆవిడ ఉన్న చోటు చూపించే నీలం చుక్క ఆ స్టాపు దగ్గరే ఉండిపోయింది. ఇంకో కుటుంబానికి దారి చెప్పి వచ్చి చూశాను, కదల్లేదు. టీ తాగి వచ్చి చూశాను, కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు తెమ్మన్నారు పచ్చడి? బీపీ మనిషి, ఆ ఎండలో, రాని మనిషి కోసం! చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఆవిడ కదలదు. మా టీమ్ లీడర్ సుహాస్ నా వెనకే తిరుగుతున్నాడు. ఇంక నావల్ల కాలేదు. ఫోన్ చేశాను.

“ఆంటీ, నేను రాలేను. నేను వాలెన్సియాలో లేను. నోయిడాలో ఉన్నాను.”

సుహాస్‌కి తెలుగు రాదు. కానీ ‘నోయిడా’ ఎవరికైనా అర్థమవుతుంది. నా కుర్చీ వెనక ఆగిపోయాడు.



“ఆర్.కె. పురంలో మెట్రో ఎక్కితే నోయిడాలో దిగుతాం,” అన్నారావిడ. “నేను ఈ సీసాని సముద్రాలు దాటించి తెచ్చానా? ఛీ! ఇన్నాళ్ళూ నోటినిండా ఆంటీ ఆంటీ అన్నావు గదే!”

ఫోన్ పెట్టేశారు. సుహాస్ కాల్ అయ్యాక తన క్యాబిన్‌కి రమ్మన్నాడు. కాల్ అయిపోయిందని చెప్పబోతుంటే మళ్ళీ ఆవిడ నంబరే వెలిగింది.

“ఎక్కడుండి ఏడిస్తే ఏంలే. హోటల్‌కి దారి చెప్పు. వచ్చిన వైపే ఎక్కాలా?”

“కాదాంటీ, పట్టాలు దాటి అవతలి వైపు.”

సుహాస్‌కి ఆగమని చెయ్యి చూపించాను. ట్రాము ఎక్కించాను, దింపాను, సందు మలుపు చెప్పాను. ఆవిడ “ఊఁ” అనడం తప్ప దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. హోటల్ తలుపు తోసిన చప్పుడు వినిపించాక గాని నాకు ఊపిరాడలేదు. ఇదే నేను చెప్పే ఆఖరి దారని తెలుస్తూనే ఉంది.

“ఆంటీ, పచ్చడి?” అన్నాను. అడిగే మొహం నాకెక్కడుంది, అయినా అడిగాను.

“స్టాపులో బెంచీ మీద పెట్టేశా. ఆ ఊరి పిల్ల కోసం తెచ్చింది ఆ ఊళ్ళోనే ఉండనీ. నాకెందుకు, వెనక్కి మోసుకెళ్ళడానికి!”

“ఎండలో పెట్టారా ఆంటీ?”

  సుహాస్ గడియారం చూసుకుంటున్నాడు.

“నీడలోనే పెట్టాన్లే,” అన్నారావిడ. “నువ్వేమైనా తిన్నావా?”

“లేదాంటీ,” అన్నాను.