కింది పిడి

రంపం పళ్ళకు ఎలుగుబంటి కొవ్వు పట్టించి, జిడ్డు చేతులు టోపీకి తుడుచుకుని, దాన్ని చెవులదాకా లాక్కుని క్రిస్పిన్ ఎప్పటిలాగే గోతిలోకి దిగాడు. నెత్తిమీద అడ్డంగా పైన్ చెట్టు దుంగ. కింది పిడి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రంపం పైకి లేస్తుందని కాచుకున్నాడు. లేవలేదు.

"ఏం ముహూర్తం చూస్తున్నావయ్యా లోపల?" పైనుంచి అతని భార్య సిసిలీ కేకేసింది. "గిల్బర్ట్ లేచొస్తాడనా?"

నిజమే. పై పిడి పట్టే గిల్బర్ట్ చలికాలంలో జ్వరమొచ్చి పోయాడు. పాతిపెట్టినవాళ్ళలో క్రిస్పిన్ కూడా ఉన్నాడు. చేతులకే ఆ సంగతి ఇంకా తెలియలేదు.

మీసాలు రాకముందే ఇంగ్లండులో ఇలాంటి గోతిలోకి దిగిన మనిషి క్రిస్పిన్. దుంగ మీద నిలబడ్డ పైవాడు గీత చూసి రంపం నడుపుతాడు, గోతిలోని కిందివాడు లాగుతాడు, రంపపు పొట్టు అంతా కిందివాడి మొహాన పడుతుంది. గిల్బర్ట్ ముఖం ఎలా ఉంటుందంటే క్రిస్పిన్ తడుముకునేవాడు కానీ, అతని బూట్లను వంద బూట్లలోంచి ఏరి చెప్పేవాడు. ఇక క్రిస్పిన్ గడ్డంలో ఎంత పొట్టు ఉండేదంటే, అతను తుమ్మిన చోట కోడి వచ్చి గుడ్డు పెట్టి పోయేదట. గిల్బర్ట్ ఓడెక్కాడని తనూ ఎక్కాడు. సముద్రమంతా దాటి అమెరికా తీరాన రోనోక్ దీవిలో కాలుపెట్టి మొదట చేసిన పని మళ్ళీ ఒక గొయ్యి తవ్వుకోవడం.

ఇప్పుడు ఆ దీవినే ఖాళీ చేస్తున్నారు. తిండిగింజలు తెస్తానని ఇంగ్లండు వెళ్ళిన గవర్నరు తిరిగి రాలేదు. దక్షిణాన క్రొయటోవన్ దీవివాళ్ళు రమ్మన్నారు. ముందు వెళ్ళినవాళ్ళు తమ ఇళ్ళు దూలం దూలం విప్పి పడవల్లో తీసుకెళ్ళిపోయారు. ఎక్కడికి వెళ్ళిందీ కంచె గుంజ మీద చెక్కారు. మిగిలింది ఒక్క పడవ, దానికోసం ఒడ్డున మూటల మీద కూర్చున్న ఇంకొందరు. ఆ పడవేమో పొద్దున్నే ఆల్చిప్పల గుట్టకు కొట్టుకుని పక్కపలక పగలగొట్టుకుంది. దక్షిణానికి నెట్టే ఉత్తరపు గాలి సాయంత్రానికి తిరుగుతుంది. అవతలి ఒడ్డున, వీళ్ళంటే గిట్టనివాళ్ళ పొగలు నిన్నటికంటే దగ్గరగా లేస్తున్నాయి.

ఒక్క పలక కావాలి. ఉన్నది ఒక్క దుంగ. ఒక పక్క గిల్బర్ట్ ఉండగానే కోసి పెట్టింది, ఇంకొక్క కోతకు పలక ఊడొస్తుంది.

దారి చూపించడానికి క్రొయటోవన్ నుంచి తన దోనెలో వచ్చిన తమోకె గొయ్యి అంచున గొంతుక్కూర్చున్నాడు. రెండేళ్ళుగా చేపలు తెచ్చి ఇస్తూ వీళ్ళ మాట బాగానే పట్టాడు.

"అన్నా, ఒకటడుగుతా, కోప్పడకు. చెట్టును పడగొడతారు. పలకలుగా చీలుస్తారు. ఆ పలకల్నే మేకులు కొట్టి మళ్ళీ చెట్టులాగా అతికిస్తారు. అది కారుద్ది. ముందే చెట్టును చెట్టులా ఉంచొచ్చుగా?"

"మీరేం తక్కువా? నిప్పుపెట్టి కాల్చడం, ఆల్చిప్పతో గీకడం. ఒక్క దోనెకి నెల," అన్నాడు క్రిస్పిన్.

"నెలైతే అయింది. కారదు."

సిసిలీ ఫక్కున నవ్వి, వెంటనే పొగల వైపు చూసి నవ్వు మింగింది. "సరసాలు తర్వాత. నువ్వు పైకెక్కు. ఇతను కింది పిడి పట్టుకుంటాడు."

"నాకు గీత పట్టడం రాదే. నీ చేతికిస్తే రంపానిది తాగినోడి నడకేనని గిల్బర్ట్ అనేవాడు."

"ఆ మాట అన్న నోరు మట్టిలో ఉంది. ఎక్కు."

క్రిస్పిన్ పైకెక్కి, టోపీ తీసి తమోకె నెత్తిన పెట్టాడు. తమోకె దాన్ని అటూ ఇటూ తిప్పుకుని, పెళ్ళికి వెళ్తున్నవాడిలా దర్జాగా గోతిలోకి దిగాడు.

క్రిస్పిన్ దుంగ మీద నిలబడ్డాడు. ఎంత ఆకాశం! నీళ్ళు, అవతలి ఒడ్డు, పొగలు, ఒడ్డున ఎదురుచూసే ముఖాలు, అన్నీ ఒక్కసారిగా మీదికొచ్చాయి. బొగ్గుమసి పూసిన తాడుతో గీత కొట్టి రంపం ఆనించాడు. నాలుగు లాగుళ్ళకే రంపం గీత దాటి పక్కకు జారింది. వెనక్కి తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. గీతను ఎంత గుచ్చి చూస్తే అంత పారిపోతోంది. ఒడ్డున ఎవరో దేవుణ్ణి తలుచుకోవడం వినిపించింది.

క్రిస్పిన్ కళ్ళు మూసుకున్నాడు.

"నిద్రొచ్చిందా ఏం?" సిసిలీ గొంతు కీచుమంది. "కళ్ళు తెరువయ్యా!"

"నువ్వూరుకో. చూస్తుంటే రావట్లా."

కళ్ళు మూసుకుంటే అంతా పాత ఇల్లే. తిన్నగా పోయే రంపం ఎలా పాడుతుందో, పక్కకు జారేముందు దాని గొంతు ఎలా బొంగురుపోతుందో గోతిలో ఇన్నేళ్ళు విన్నది అదొక్కటే. బొంగురుపోబోతే మణికట్టు తిప్పాడు. కింద తమోకె ఆ ఊపు అందుకుని ఏదో వాళ్ళ తెడ్డుపాట ఎత్తుకున్నాడు. రంపం జోరుకి కొవ్వు పొగలు కక్కింది. పొట్టు ఎంత లేచిందంటే, దీవి తగలబడుతోందనుకుని అవతలి పొగలవాళ్ళు వెనక్కి తగ్గారని తర్వాత క్రొయటోవన్‌లో చెప్పుకున్నారు.

పలక ధడేల్మని పడింది. తమోకె టోపీ గోతిలోనే విదిలించేసి పైకెగబాకి, ఒక కన్ను మూసి పలక వెంట చూశాడు.

"అన్నా, కోత తిన్నగానే ఉంది. నువ్వు కొట్టిన గీతే వంకర."

ఈసారి ఒడ్డంతా నవ్వింది. తమోకె పలకను నిప్పుసెగ మీద ఆడించి పడవ పక్కకు తగినట్టు వంచాడు. క్రిస్పిన్ మేకులు దిగ్గొట్టాడు. సిసిలీ మరిగే పైన్ జిగురు పూసింది. గాలి ఇంకా తిరగకముందే తెరచాప ఎత్తారు.

రంపాన్ని ఒళ్ళో పెట్టుకుని క్రిస్పిన్ పడవ ముందు కొసన కూర్చున్నాడు. ఆ కొస ఎప్పుడూ గిల్బర్ట్‌ది.

"టోపీ ఏదయ్యా?" సిసిలీ అడిగింది.

"గోతిలో ఉండిపోయింది."

"వెనక్కి తిప్పమననా?"

క్రిస్పిన్ గడ్డం తడుముకున్నాడు. ముఖం మీద ఉప్పుగాలి తప్ప ఏమీ పడటం లేదు.

"ఎందుకూ?" అన్నాడు.

కొత్త పలక చుక్క నీరు కారలేదు. మిగతా పడవంతా కారింది. ముందు దోనెలో పోతున్న తమోకె ఆ సంగతి దారిపొడవునా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

తర్వాతెప్పుడో గవర్నరు ఓడ వచ్చిందట. దిగినవాళ్ళు బూరలూదారు, తమ ఊరి పాటలు పాడారు. తలెత్తి ప్రతి చెట్టూ చూశారు, గుంజ మీది అక్షరాలు చూశారు, గాలివానకు జడిసి వెళ్ళిపోయి, మనుషులు మాయమైపోయారని దేశమంతా చాటారు. గోతిలోకి మాత్రం తొంగిచూడలేదు. అక్కడ, నల్లబడ్డ పొట్టు మీద, కొవ్వు తాగి తాగి నీరింకని ఆ టోపీ వెల్లకిలా పడి ఉంది, అంచుదాకా వాననీళ్ళతో, ఆ నీళ్ళలో ఒక చిన్న కప్పతో.