నవ్వకూడని జోలపాట

ఈ ఏడాది పాటల పోటీలో బహుమతి రాకపోతే సంగీతం పీరియడ్ తీసేసి లెక్కల మాస్టారికి ఇస్తానని పెద్ద మేడం తేల్చి చెప్పారు. ఆయన అప్పటికే వచ్చి నా గదిలో బెంచీలు లెక్కపెట్టుకుని వెళ్లారు.

పోటీకి ఒక జానపద జోలపాట ఎంచుకున్నాను. మార్కుల్లో సగం హావభావాలకే. అందుకని పాటను బోర్డు మీద రాసి, రంగు సుద్దలతో గుర్తులు పెట్టాను. ఎర్ర గీత దగ్గర చిరునవ్వు, పసుపు చుక్క దగ్గర కళ్లు పెద్దవి చేయడం, పచ్చ చుక్క దగ్గర మెడ కుడివైపు వంచడం. వారం తిరిగేసరికి జట్టులోని పన్నెండు మంది పిల్లల్లో పదకొండు మంది ఒకేసారి నవ్వి, ఒకేసారి మెడ వంచుతున్నారు. చూడటానికి కొంచెం భయం వేసేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పన్నెండోది కొరకరాని కొయ్య. రాయి అని నేనే పేరు పెట్టాను. గొంతు బంగారం, మొహంలో మాత్రం చలనం ఉండదు. పైగా రెండో చరణం నుంచి గొంతు తగ్గించేసి, చివర్లో మాటలు మింగేసి ఊఁ ఊఁ అంటుంది.

"నవ్వవే తల్లీ! నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"నవ్వితే లేస్తాడు టీచర్."

"ఎవడు?"

"తమ్ముడు. అమ్మ డ్యూటీకెళ్తే నేనే పడుకోబెడతా. వాడి మొహంలోకి చూసి నవ్వితే ఆటలనుకుంటాడు. ఇక అంతే సంగతులు. పక్కకి చూస్తూ పాడాలి. కళ్లు మూతలు పడుతుంటే మాటలు మానేయాలి."

"మరి పాట ఎక్కడ ముగిస్తావ్?"

"ముగించను టీచర్. టక్కున ఆపితే లేస్తాడు. దానంతటదే ఆగిపోతుంది."

ఇరవై ఏళ్లుగా జోలపాటలు నేర్పుతున్నాను. ఒక్కరినీ నిద్రపుచ్చి ఎరగను. సిగ్గేసింది. బహుమతి మీద ఆశ చావలేదు గానీ, ఆ పదకొండు నవ్వులూ ఇక చూడలేననిపించింది. బోర్డు తుడిచేసి, "వీళ్లకి నువ్వు చెప్పవే" అని పక్కకు జరిగాను.

పోటీలో ఎవరూ నవ్వలేదు. పాట సన్నబడి, సన్నబడి, ఆగింది. ఇంకా ఉందేమోనని జడ్జీలు కలాలు పట్టుకుని కూర్చున్నారు. హాల్లో ఒక్క కుర్చీ కూడా కదల్లేదు. రాయి మునివేళ్ల మీద నడుస్తూ వేదిక దిగింది. మిగతావాళ్లూ అలాగే దిగారు.

మార్కుల కాగితంలో హావభావాలకు సున్నా. దాని కింద ఒక జడ్జి, "పాట ఎప్పుడు ఆగిందో తెలియలేదు" అని రాశారు.

సోమవారం గది తాళంచెవి లెక్కల మాస్టారి చేతిలో పెట్టాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఫైల్లో పెట్టడానికి మార్కుల కాగితం ఏదని పెద్ద మేడం అడిగారు. ఎక్కడో పోయిందని చెప్పి, చేతిసంచీ గట్టిగా పట్టుకున్నాను.